రాజుగారి కొడుకులు వేటకెళ్ళి చేపలెందుకు తెచ్చారు?

అందరికీ నమస్కారమండి. ఈ గుంపులో చాలాకాలంగా చదివి ఊరుకునేవాణ్ణే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి ఆరేళ్ళ పిల్లాడు ఒక సందేహం తెచ్చిపెట్టాడు. దాన్ని ఇక్కడ పెట్టకపోతే నిద్రపట్టేలా లేదు.

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. వేసవి సెలవులకి మా చెల్లెలి మనవడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. మొన్న రాత్రి కరెంటు పోతే అరుగు మీద చాప పరుచుకుని వాడికి ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు." అంతే, ఊ కొట్టడం మానేసి లేచి కూచున్నాడు. "తాతా, వేటకెళ్తే జింకని కదా తేవాలి? చేపలైతే ఫిషింగ్ అనాలి."

యాభై ఏళ్ళకి పైగా ఈ కథ వింటూ, చెబుతూ ఉన్నవాణ్ణి. ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. అప్పటికి "ముందు ఊ కొట్టరా" అని తప్పించుకున్నాను.

జవాబు పొద్దున్నే గుమ్మంలోకి వచ్చింది. చేపలమ్మే ఆవిడ గంప దించితే, "ఏమ్మా, సముద్రం చేప ఒక్కటీ లేదేంటి?" అన్నాను. "వేట బందు కదా బాబూ, జూన్ దాకా ఇంతే. ఇవన్నీ చెరువు చేపలే" అంది. నిజమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరపడవలకి చేపల వేట నిషేధం. పేపర్లోనూ 'వేట నిషేధం' అనే వేస్తారు, గంగపుత్రులూ 'వేటకెళ్ళారు' అనే అంటారు. అంతర్వేది వైపు ఎవర్నైనా వేట గురించి అడిగి చూడండి. అడవి సంగతి ఎవరూ చెప్పరు, సముద్రం సంగతే చెబుతారు. నా చెవికైతే గట్టున కూచుని గాలం వేస్తే అది చేపలు పట్టడం, పడవ కట్టుకుని పోతే అది వేట. అలాంటి చోట పెరిగినవాణ్ణి కాబట్టే 'వేటకెళ్ళి చేపలు తెచ్చారు' అన్న ముక్క నాకు ఎన్నడూ గుచ్చుకోలేదు. హైదరాబాద్ పిల్లాడికి గుచ్చుకుంది.

అన్నట్టు, మా వైపు వేటకి ఇంకో అర్థం కూడా ఉంది. 'వేటమాంసం' అంటే మేకమాంసమే. జాతరలో కొట్టే మేకపోతూ వేటే. ఆ లెక్కన వాడడిగిన దానికి మూడు రకాల జవాబులున్నాయి, వాడికి ఒకటే చెప్పాను. దీన్నిబట్టి కథ పుట్టింది మా సీమలోనే అనడం లేదండి. శ్రీకాకుళంలోనూ చెబుతారు, కర్నూల్లోనూ చెబుతారు, తెలంగాణలోనూ చెబుతారు. ఒక మాట ఒక్కోచోట ఒక్కోలా వినబడుతుందని మాత్రమే నేననేది.

ఇక నా అసలు ప్రశ్న. చేప ఎండకపోవడానికి అడ్డమొచ్చింది గడ్డిమోపా, గడ్డిమేటా? మా అమ్మమ్మ మోపు అనేది. నాకు మాత్రం అది మేటే అయ్యుండాలనిపిస్తుంది. మోపంటే మనిషి నెత్తిన పెట్టుకుని తెచ్చే కట్ట. మేటంటే కళ్ళంలో వేసే రెండు నిలువుల ఎత్తు పోగు, కొన్నిచోట్ల దాన్నే వాము, వామి అంటారు. ఎండకి అడ్డు రావాలంటే మేటు కాకుండా మోపు సరిపోతుందా? మీ ఊళ్ళో ఏ మాట వాడతారో చెప్పండి.

(సాయంత్రానికి చాలా కామెంట్లు వచ్చాయి. ఒక్కొక్కరికీ విడిగా రాస్తే గుంపంతా నేనే నిండిపోయేలా ఉంది. అందుకని కిందే కలిపి రాస్తున్నాను.)

ముందుగా ముమ్మిడివరం నుంచి రాసిన అక్కగారికి. మీరు నా మేటుకి నిప్పెట్టేశారండి. "తమ్ముడూ, మేటే అడ్డమొస్తే ఏడు చేపలూ ఎండవు కదా? ఒక్క చేపే ఎందుకు ఎండలేదు?" అన్నారు. చదివి కాసేపు అలా కూచుండిపోయాను. పెరట్లో చాప మీద వరసగా ఏడు చేపలు. చివర ఎవరో మోపు నిలబెట్టారు. దాని నీడ చివరి చేప మీదే పడుతుంది. ఆరూ ఎండాయి, ఒకటి ఎండలేదు. లెక్క సరిగ్గా సరిపోయింది. పైగా తర్వాత ముక్క చూడండి. "మోపూ మోపూ ఎందుకడ్డమొచ్చావ్?" అంటే "ఆవు నన్ను మేయలేదు" అంటుంది. ఒక్క ఆవు ఒక పూటలో మేటంతా మేయలేదు, మోపైతే మేస్తుంది. అంటే అది ఆవు ముందు వేసిన ఆ పూట మేత. మేయలేదు గనక అక్కడే మిగిలిపోయింది. మా అమ్మమ్మే కరెక్టు. కొన్ని ఊళ్ళలో వాము, మేటు అని చెప్పేవాళ్ళున్నారని కామెంట్లలో తెలిసింది. వాళ్ళతో నాకు గొడవేమీ లేదు, కానీ ఇక నుంచి నేను మోపు పక్షమే.

ఈ మధ్య కోత మిషన్లు వచ్చాక మా పొలాల్లో మేటూ తగ్గింది, మోపూ తగ్గింది. పిల్లాడికి మోపంటే చూపించడానికి ఊరి చివర పాడిగేదెలున్న ఇంటిదాకా నడిపించాను. వాడు దాన్ని చూసి, "ఇది అడ్డమొస్తే పక్కకి జరపొచ్చుగా?" అన్నాడు. జరిపితే కథ లేదురా నాయనా.

తర్వాత, ఈ కథకి వేదాంతార్థం పెట్టిన పెద్దాయనకి. రాజంటే మనిషి, ఏడుగురు కొడుకులు సప్తధాతువులు, వేట జీవితం, ఎండిన ఆరు చేపలు అరిషడ్వర్గం, ఎండని ఏడోది మనసు, మోపు అజ్ఞానం, ఆవు జ్ఞానం, చీమ సంసారం. ఇది నాకూ వాట్సాప్‌లో నాలుగైదుసార్లు వచ్చింది. బాగుంటుంది, కాదనను. మనకి తత్వాలు పాడుకునే సంప్రదాయం గట్టిగా ఉంది. తోలుబొమ్మంటే దేహం, తొమ్మిది చిల్లుల కుండంటే దేహం అని వినగా వినగా ఏ కథ విన్నా లోపల ఇంకేదో ఉందని చెవి వెతుక్కుంటుంది. కానీ బాబుగారూ, అది తత్వం చేసే పని. తత్వంలో ఒక వస్తువు బదులు ఇంకోటి నిలబడుతుంది. ఏడు చేపల కథలో మోపు బదులు ఏదీ నిలబడదు. మోపు మోపే, దాని నీడ దాని నీడే. ఆ నీడ లెక్క చూసిన అక్కగారి కామెంటు నాకు ఆ వేదాంతార్థం కన్నా రుచిగా అనిపించింది, ఏమీ అనుకోకండి.

మనవాళ్ళు వేటినన్నిటినో 'కథ' అనేశారు గానీ, ఒక్కోదాని మర్యాద వేరు. పొడుపుకథ కథే కాదు, దానికి విప్పు కావాలి. నోము కథకి చేతిలో అక్షింతలు కావాలి. అది చదవడంలో తప్పుదొర్లినా చివర "కథ లోపమైనా వ్రతలోపం కారాదు" అని ఒక రక్షణ పెట్టుకున్నారు. ఏడు చేపల లాంటి గొలుసు కథకి ఆ రక్షణ లేదు. ఒక్క లంకె జారిందంటే ఎదురుగా ఉన్న పిల్లలే పట్టేస్తారు, "పాలేరు ఏడీ?" అని. పేదరాసి పెద్దమ్మ కథల్లో అయితే నడిమధ్యలో ఒక కొండో గుహో ఎక్కువైనా ఫరవాలేదు. రాకుమారుడు ఊరవతల పెద్దమ్మ ఇంట్లో దిగాలి, ఆవిడ అన్నం వండిపెట్టి ఊళ్ళో సంగతి చెప్పాలి, రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండాలి. ఈ మూడూ ఉంటే చాలు, మిగతాది చెప్పేవాళ్ళ ఇష్టం.

వ్లదీమిర్ ప్రాప్ అనే రష్యన్ పండితుడు 1928లో వాళ్ళ అద్భుత కథల్ని విప్పి చూసి 31 రకాల పనులు, ఏడు రకాల పాత్రలు తేల్చాడు (అక్కడా ఏడే!). నాయకుడికి కావలసింది చేతికిచ్చి సాగనంపే పాత్ర అందులో ఒకటి. మన పేదరాసి పెద్దమ్మని ఆ పీట మీద చక్కగా కూచోబెట్టొచ్చు. చీమనీ మోపునీ మాత్రం ప్రాప్ పీటల్లో దేని మీదా కూచోబెట్టలేం. ఇక్కడ నాయకుడూ లేడు, విలనూ లేడు. ప్రపంచంలోని కథలకి నంబర్లు వేసిన ఆర్నే, థాంప్సన్ పద్ధతిలో కూడా ఇలాంటివాటికి వేరే గది ఉంది, 2000 నుంచి మొదలవుతుంది. ఇంగ్లీషు పిల్లలు చెప్పుకునే ముసలమ్మ, పంది కథ ఆ గదిలోదే.

ఏడు అనే అంకె గురించి అమలాపురం మేష్టారు అడిగారు. మన కథల్లో ఏడు ఊరికే రాదండి. ఏడుగురు అన్నదమ్ములుంటే చిన్నవాడు వేరేగా ఉంటాడు, ఏడుగురు కోడళ్ళుంటే కడగొట్టుదానికే కష్టాలొస్తాయి. ఆరు ఒక తీరు, ఏడోది ఇంకో తీరు. డెన్మార్క్ పండితుడు ఆక్సెల్ ఓల్రిక్ జానపద కథల నియమాలంటూ 1909లో రాసినవాటిలో ఇదొకటి, వరసలో చివరి దాని మీదే కథ బరువు పడుతుందని. మన తెలుగుకి దీని మీద ఇంకో చిన్న సరదా ఉంది. 'ఏడు' అంటే అంకే, 'ఏడు' అంటే ఏడవమనీ. అందుకే ఏడుపుని 'ఆరున్నొక్క రాగం' అంటాం. ఆరూ ఒకటీ ఏడు కదా. మన చాప మీద ఉన్నవీ ఆరున్నొకటే. ఎండని ఆ ఒక్క చేపని పట్టుకుని పోతూ ఉంటే చివరికి తేలేది ఏంటి? పిల్లాడి ఆరున్నొక్క రాగం! కథ కట్టినవాళ్ళు ఇది అనుకుని కట్టారని నేననను. మా అరుగు మీద నాకు తట్టింది, నవ్వుకున్నాను.

'అవ్వ' మీ వైపు మాట కాదు కదా అని ఒకరు రాసింది నిజం. మా వైపు ఇంట్లో ఎవరూ అవ్వా అని పిలవరు. మామ్మ, అమ్మమ్మ, నాయనమ్మ. అవ్వ మాకు కథలోనే ఉంది, "అవ్వా కావాలి, బువ్వా కావాలి" అన్న సామెతలో ఉంది. పాలేరు మాత్రం అచ్చంగా మా ఇళ్ళ మనిషే. నా చిన్నప్పుడు మా ఇంట్లో పాలేరుకి ఏడాది జీతం ధాన్యంలో కొలిచేవారు, పొద్దున్న చద్దన్నం మాత్రం ఇంట్లోనే. అది తినందే పశువుల్ని విప్పేవాడు కాదు, విప్పమని అడిగే ధైర్యమూ ఎవరికీ ఉండేది కాదు. "అవ్వ అన్నం పెట్టలేదు" అని పాలేరు చెప్పే జవాబులో నాకు మా వంటింటి గుమ్మం కనబడుతుంది. అవ్వేమో పిల్లాడేడుస్తున్నాడని పెట్టలేదట. చంకలో పిల్లాడుంటే అన్నం ఎలా పెడుతుంది మరి.

ఇక చీమ. ఇంతసేపూ జవాబు చెప్పినవాళ్ళందరూ తప్పు పక్కవాళ్ళ మీదకి తోసినవాళ్ళే. చీమ ఒక్కటే తిరిగి ప్రశ్న వేస్తుంది, "నా బంగారు పుట్టలో వేలెడితే కుట్టనా?" ఆ 'కుట్టనా'లో ఉన్న పొగరు చూడండి. 'కుడతాను' అంటే ఉత్త బెదిరింపు. 'కుట్టనా' అంటే, నా స్థానంలో నువ్వున్నా అదే చేస్తావు కదా అని. పుట్ట, కుట్ట అని ప్రాస ఎటూ కుదిరింది. ఈ వాక్యం కథలోంచి ఊడిపడి వాడుకలోకి వచ్చేసింది. మా ఊళ్ళో చేను గట్టు తగాదాల్లో ఎన్నిసార్లు విన్నానో. నిజానికి మనం చూసే పెద్ద పుట్టలు పెట్టేది చెదలు, చీమలు కాదు. ఆ సంగతి తెలిసిన ఒక కుర్రాడు కింద "అయితే చీమ కబ్జా చేసిందా అండి?" అని రాశాడు. ఆయ్, అదేదో మీరూ చెదపురుగూ తేల్చుకోండి.

చివరగా, రాత్రి పదింటికి ఒకరడిగారు, "ఇంతకీ ఆ చేప ఎండిందా?" అని. మా వాడు కూడా ఇదే అడిగాడు. ఇంగ్లీషు ముసలమ్మ కథలో గొలుసు మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. పిల్లి ఎలకని తరుముతుంది, ఎలక తాడు కొరుకుతుంది, అలా అలా చివరికి పంది దడి దూకి ఇంటికి పోతుంది. మనది వెనక్కి తిరగదు. చీమ జవాబు చెప్పగానే కథ కంచికి పోతుంది. మోపు ఎవరూ తీయరు, పిల్లాణ్ణి ఎవరూ ఊరుకోబెట్టరు, ఏడో చేప అక్కడే ఉంటుంది. వాడికి ఇదంతా చెప్పలేక, "ఎండలేదురా, వాళ్ళమ్మ దాన్ని పులుసు పెట్టేసింది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మామిడికాయ వేసిందా?" అన్నాడు.

వేసిందన్నాను.