వెంటా, వెన్కా, పొంతా: ట్రాకింగ్‌కు ఏ మాట?

అడిగినవారు: అంతరిక్ష నౌకల్లో వాడే జీపీఎస్ రిసీవర్ల మీద వ్యాసం రాస్తూ "ట్రాకింగ్" దగ్గర ఆగిపోయాను. పోతన గజేంద్ర మోక్షంలో విష్ణువు వెనక వైకుంఠమంతా కదిలొచ్చే పద్యం, "తన వెంటన్ సిరి, లచ్చి వెంట" రాత్రి నుంచి నోట్లో ఆడుతోంది. గరుడుడి దగ్గర "దాని వెంటను"నా, "దాని వెన్కను"నా?

మాస్టారు: వెన్కను. గణం, ప్రాస రెండింటికీ కుదురుతాయి కాబట్టే పొరబాటు పడతాం. తేల్చేది యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడుమ ఒక అక్షరానికీ ఉండాల్సిన పొత్తు. ఆ మాట పాదాల మధ్య విరిగి, రెండో పాదం "న్క"తో మొదలు, పద్నాలుగో అక్షరం "కౌమోదకీ"లోని కౌ. "ట" పెడితే యతి పోయినట్టే.

మరొకరు: ఇంత ఎందుకండీ? "జాడ పట్టడం" అనేయండి.

ఇంజనీరు: అది అక్విజిషన్, అంటే సిగ్నల్ ఉందో లేదో వెతికి కనుక్కోవడం. ట్రాకింగ్ ఆ తర్వాతి పని. ఉపగ్రహం పంపే 1023 చిప్‌ల (ఒక్కో చిప్ ఒక 0 లేదా 1) సీ/ఏ కోడ్ మిల్లీసెకనుకోసారి తిరిగొస్తుంది, రిసీవర్ తన నకలును దాంతో కలిపి నడుపుతూ ఉండాలి. భూమికి దగ్గరి కక్ష్యలో వేగం సెకనుకు దాదాపు 7.6 కిలోమీటర్లు, డాప్లర్, అంటే ఆ వేగం వల్ల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా, పదుల కిలోహెర్ట్జ్‌లు మారుతుంది. నకలును సర్దే లూప్ ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పేది దాని బ్యాండ్‌విడ్త్. దాన్ని పెంచితే నాయిస్ చొరబడుతుంది, తగ్గిస్తే వేగం మారినప్పుడు లాక్ (సిగ్నల్ మీద పట్టు) తప్పుతుంది. సిగ్నల్ బలాన్నీ, కదలికనూ బట్టి దాన్ని ఎప్పటికప్పుడు సర్దుకునేదే అడాప్టివ్ ట్రాకింగ్.

మరొకరు: అయితే "వెన్నంటడం".

ఇంజనీరు: వెనక ఉంటే కుదరదండీ. రిసీవర్ ఆ కోడ్ నకళ్లు మూడు నడుపుతుంది: ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక, ఒకటి నడుమ. ముందువెనకల బలం సమానమైతేనే నడిమిది సరిగ్గా కూర్చున్నట్టు.

మాస్టారు: ఆ మాటా ఆ పద్యంలోనే ఉంది, "వాని పొంతను". పొంత అంటే పక్కన. మనం రోజూ అనే "పొంతన" దీని చుట్టమేనని నా నమ్మకం. వెంట, వెన్క, పొంత: పోతన ఒక్క ఊరేగింపులో మూడు దూరాలు చూపించాడు!

ఇంజనీరు: పొంతనను కోరిలేషన్‌కు, అంటే నకలు సిగ్నల్‌తో ఎంత సరిపోలిందో కొలవడానికి, ఉంచుదాం, అచ్చంగా అతుకుతుంది. ట్రాకింగ్‌లో కదలిక వినిపించాలి. 2025 మార్చిలో చంద్రుడి మీద దిగిన లూగ్రే అనే రిసీవర్ జీపీఎస్, ఐరోపా వారి గెలీలియో ఉపగ్రహాల సిగ్నళ్లను అంత దూరం నుంచి పట్టి, వదలకుండా నడిచింది. దాన్ని "పొంతించింది" అంటే నాకు చాలడం లేదు.

అడిగినవారు: "వెంట నడపడం" అని రాసి చూస్తాను. మాస్టారూ, అదే పద్యంలో "రా వచ్చి రొయ్యన" ఉంది కదా, అంటే వచ్చిరి, ఒయ్యన. అంత తొందరలో "ఒయ్యన" ఏమిటి? మెల్లగా అనేనా అర్థం?

మాస్టారు: నేను మెల్లగా అనే చదువుకుంటాను. విష్ణువు పరుగు ఆయనది, వెనకవాళ్ల నడక వాళ్లది.

మరొకరు: ఒప్పుకోను. వైకుంఠమంతా కదిలొస్తుంటే మెల్లగానా?