అపాచీ 2.4.52 దగ్గరే ఆగింది, స్కానర్ మాత్రం 2.4.59 కావాలంటోంది

బ్రాడీపేట_సిస్టమ్స్:
గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ల గేట్ టోకెన్ల సైట్ చూస్తున్నాను. ఉబుంటు 22.04, అపాచీ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ 8.1, మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్), అన్నీ 4 జీబీ ర్యామ్ ఉన్న ఒకే సర్వర్ మీద. ఆడిట్ వాళ్ల స్కానర్ రిపోర్టులో సీవీఈ-2024-27316 (బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే నంబరు) అని ఎర్ర రంగులో రాసి, 2.4.59కి అప్‌గ్రేడ్ చేయమన్నారు. ఆప్ట్ అప్‌గ్రేడ్ (ఉబుంటులో ప్యాకేజీలు తెచ్చే కమాండ్) కొడితే కొత్తదేమీ లేదంటోంది, వెర్షన్ 2.4.52 గానే ఉంది. సోర్స్ తెచ్చి కంపైల్ చేసుకోవాలా?
ఇంకో సంగతి. మిర్చి సీజన్లో పొద్దున్నే టోకెన్లు తెరవగానే సైట్ పడిపోతోంది. ఎర్రర్ లాగ్‌లో ఏహెచ్00161, మాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ (ఒకేసారి పనిచేసే వర్కర్ల పరిమితి) నిండిందని ఉంటోంది. ఆ లోపం పట్టుకుని ఎవరైనా దాడి చేస్తున్నారా?

కృష్ణలంక_రూట్:
కంపైల్ జోలికి వెళ్లకండి. సొంతంగా కట్టిన అపాచీకి రేపటి ప్యాచ్‌లు ఆప్ట్ తేదు, అవన్నీ మీ నెత్తినే పడతాయి. ఉబుంటు వాళ్లు వెర్షన్ నంబరు మార్చరు. ప్యాచ్‌ని మాత్రం వెనక్కి తెచ్చి 2.4.52కే అతికించి, గీత తర్వాత వచ్చే ప్యాకేజీ నంబరు పెంచుతారు. స్కానర్ బయట నుంచి సర్వర్ బ్యానర్‌లో మొదటి మూడంకెలు చదివి తీర్పు చెప్పేస్తుంది. దీనికి 2024 ఏప్రిల్‌లోనే యూఎస్‌ఎన్-6729-1 (ఉబుంటు భద్రతా ప్రకటన) పేరుతో దిద్దుబాటు వచ్చింది. ‘ఆప్ట్ ఛేంజ్‌లాగ్ అపాచీ2’ కొట్టి అందులో సీవీఈ నంబరు వెతకండి. కనబడిన ఎంట్రీ కంటే మీ ప్యాకేజీ నంబరు పాతదైతే, ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ చూడండి. ఎవరో ఎప్పుడో హోల్డ్ పెట్టి (ప్యాకేజీ అప్‌గ్రేడ్ కాకుండా ఆపి) మర్చిపోవడం మామూలే.

ఇక అసలు లోపం. హెచ్‌టీటీపీ/2లో (వెబ్ ప్రోటోకాల్ రెండో వెర్షన్) హెడర్లు (రిక్వెస్ట్ ముందు వచ్చే వివరాలు) ఒక ఫ్రేములో (డేటా ముక్కలో) పట్టకపోతే మిగతావి కంటిన్యుయేషన్ ఫ్రేముల్లో వస్తాయి. పరిమితి దాటిన హెడర్లను కూడా, 413 (మరీ పెద్దది) అని జవాబు ఇవ్వడం కోసం, పాత కోడు కాసేపు మెమరీలో ఉంచుకునేది. క్లయింటు ఆపకుండా పంపుతూ పోతే మెమరీ నిండుతుంది. రిక్వెస్ట్ పూర్తవదు కాబట్టి యాక్సెస్ లాగ్‌లో వెతికినా ఏమీ దొరకకపోవచ్చు.

బెంజిసర్కిల్_ఎల్1:
మీ పొద్దున్న గొడవ దీనివల్ల కాదు. ఏహెచ్00161 అనేది ప్రీఫోర్క్ (ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ పెట్టే ఎంపీఎం, అంటే అపాచీలో పని పంచే మాడ్యూల్) ఇచ్చే సందేశం, ఈవెంట్ ఎంపీఎం (థ్రెడ్లతో నడిచేది) అయితే ఏహెచ్00484 వచ్చేది. మాడ్-పీహెచ్‌పీ (అపాచీ లోపలే నడిచే పీహెచ్‌పీ) పెడితే ప్రీఫోర్కే నడుస్తుంది. 2.4.27 నుంచి ప్రీఫోర్క్ కింద హెచ్‌టీటీపీ/2 పనిచేయదు. అంటే మీ సర్వర్లో ఆ దారే తెరుచుకోలేదు. ‘అపాచీ2సీటీఎల్ -ఎం’ (పెద్ద ఎం) కొట్టి ఎంపీఎం ఏదో, హెచ్‌టీటీపీ2 మాడ్యూల్ ఉందో లేదో చూసి, ఆ అవుట్‌పుట్‌నే ఆడిట్ వాళ్లకు పంపండి.

తర్వాత సర్వర్-స్టేటస్ పేజీ తెరిచి, రద్దీ సమయంలో ఒక్కో వర్కర్ స్థితి చూపే అక్షరాలు చూడండి. వరసంతా ‘ఆర్’ అయితే రిక్వెస్ట్ సగం పంపి కూర్చున్నవాళ్లున్నారు, స్లోలోరిస్ దాడిని అనుమానించాలి. మాడ్-రెక్‌టైమ్‌అవుట్ (నెమ్మది రిక్వెస్ట్‌లను తెంచే మాడ్యూల్) ఆన్‌లో ఉందేమో చూసుకోండి: హెడర్లకు 20 నుంచి 40 సెకన్లు, కనీస వేగం సెకనుకు 500 బైట్లు. ‘కె’ అయితే కీప్‌అలైవ్‌లో (తర్వాతి రిక్వెస్ట్ కోసం కనెక్షన్ తెరిచి ఉంచి) ఖాళీగా ఉన్నవి. ప్రీఫోర్క్‌లో అదీ ఒక ప్రాసెస్‌ను తినేస్తుంది. ‘డబ్ల్యూ’ అయితే మీ పీహెచ్‌పీ, డేటాబేసే ఆలస్యం.

బ్రాడీపేట_సిస్టమ్స్:
చూశాను అన్నా. ప్రీఫోర్కే, హెచ్‌టీటీపీ2 లిస్టులో లేదు. ఛేంజ్‌లాగ్‌లో సీవీఈ కనబడింది, నా ప్యాకేజీ దానికంటే కొత్తదే. రద్దీలో దాదాపు అన్నీ ‘డబ్ల్యూ’. వర్కర్లను 150 నుంచి 400 చేయనా?

బెంజిసర్కిల్_ఎల్1:
వద్దు. 150యే ఎక్కువ. ఒక్కో ప్రాసెస్ 60 ఎంబీ అనుకుంటే (పీఎస్ కమాండ్‌తో మీ అంకె కొలుచుకోండి, పంచుకున్న మెమరీ కూడా కలిసి కాస్త ఎక్కువే చూపిస్తుంది) 150కి 9 జీబీ. మైఎస్‌క్యూఎల్‌కి 1 జీబీ, సిస్టంకి అర జీబీ పోగా మీ చేతిలో ఉన్నది 2.5 జీబీ. 40 దగ్గర ఆపండి. మిగతావాళ్లు లిసన్‌బ్యాక్‌లాగ్ క్యూలో (మామూలుగా 511) నిలబడతారు, పేజీ ఆలస్యమవుతుంది గానీ సర్వర్ బతుకుతుంది. 400 పెడితే స్వాప్‌లోకి (ర్యామ్ బదులు వాడే డిస్కు చోటు) జారి, ఆనక ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను చంపే కెర్నల్ భాగం) మైఎస్‌క్యూఎల్‌నే చంపొచ్చు. స్లో క్వెరీ లాగ్ ఆన్ చేయండి. టోకెన్ల టేబుల్లో తేదీ, స్లాటు మీద ఇండెక్స్ లేకుండా లాక్ తీసుకుంటే చదివిన వరసలన్నీ లాకవుతాయి, బుకింగులన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి.

పట్నంబజార్_నెట్:
ఒక హెచ్చరిక. రద్దీ తగ్గించాలని మాడ్-ఎవేసివ్ (ఎక్కువ హిట్లు కొట్టే ఐపీని ఆపే మాడ్యూల్) లాంటిది పెడతారేమో, దాని మామూలు లెక్క ఒక పేజీకి సెకనులో 2 హిట్లు. మొబైల్ నెట్‌లో వందలమంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు. నిజమైన రైతులే 403 (అనుమతి లేదు) చూస్తారు. పరిమితి పెడితే ఫోన్ నంబరు మీదో, లాగిన్ సెషన్ మీదో పెట్టండి.

కృష్ణలంక_రూట్:
ముందు ముందు పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (అపాచీ బయట విడిగా నడిచే పీహెచ్‌పీ) పెట్టి ఈవెంట్‌కి మారండి, మంచిదే. అప్పుడు హెచ్‌టీటీపీ2 మాడ్యూల్ ఎనేబుల్ చేసిన మరుక్షణం మొదటి ప్రశ్న నిజమైన ప్రశ్న అవుతుంది, కాబట్టి అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ (ప్యాచ్‌లు వాటంతటవే పడే ఏర్పాటు) ఆన్‌లో ఉండాలి. ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (పీహెచ్‌పీ ప్రాసెస్‌ల పరిమితి) మామూలుగా 5 ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే పొద్దున్న ఏహెచ్00161 బదులు 503, 504 ఎర్రర్లు చూస్తారు. పైన చెప్పిన ర్యామ్ లెక్కే దానికీ వేయండి.