ప్రార్థన అంశాల పేరుతో జరిగే చాడీలను ఎలా ఆపాలి?

అందరికీ వందనాలండి. మా వీధిలో ఆడవాళ్లం శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఎవరో ఒకరింట్లో కూడుకుంటాం. పాటలు, వాక్యం బాగానే ఉంటాయి. చిక్కంతా ప్రార్థన అంశాలు చెప్పుకునేటప్పుడే. "ఫలానా సిస్టర్ కూతురి కోసం ప్రార్థించండి" అని ఒకరు మొదలుపెడతారు. "అయ్యో, ఏమైందమ్మా?" అని ఇంకొకరు అడుగుతారు. ఇక ఆ పిల్ల ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతోంది, అత్తింటివాళ్లు ఏమన్నారు, అన్నీ బయటికొస్తాయి. ఆ సిస్టర్ అక్కడ ఉండదు కూడా. మోకరించేసరికి ఆమె పరువు పోయి ఉంటుంది.

ఒకరి కోసం ఒకరు ప్రార్థించమని యాకోబు 5:16లో ఉంది కాబట్టి అంశాలే వద్దనలేను. కానీ సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా వెళ్లి మాట్లాడమని మత్తయి 18:15లో ప్రభువే చెప్పారు. నోటికి కావలి ఉంచమని దావీదు వేడుకున్న కీర్తన 141:3 పట్టుకుని రోజూ ప్రార్థిస్తున్నాను. నా నోటి వరకు సరే, వింటూ కూర్చోవడం కూడా పాపంలో పాలు పంచుకోవడమే కదా అని టెన్షన్‌గా ఉంటోంది.

మాట మొదలుపెట్టేది పెద్దావిడ, నాకు అమ్మలాంటిది. ఆమెను నొప్పించకుండా మాట ఎలా మళ్లించాలి? పేరు చెప్పకుండా "ఒక కుటుంబం కోసం" అని ప్రార్థించే పద్ధతి మీ సంఘాల్లో ఉందా? పాస్టరమ్మగారికి చెబితే అదీ చాడీయే అవుతుందా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు దయచేసి చెప్పండి.