ఉద్యోగుల శిక్షణకు కోర్సు తయారీ సాఫ్ట్‌వేర్: ఏది చూసి ఎంచుకున్నారు?

కొత్తపలక:
కొత్తగా చేరినవారి శిక్షణకూ, ఏటా జరిగే భద్రతా శిక్షణకూ కోర్సులు ఇకపై మేమే తయారుచేయాలట. స్టోరీలైన్, రైజ్, ఐస్ప్రింగ్, క్యాప్టివేట్ పేర్లు వినిపిస్తున్నాయి. ప్రోగ్రామింగ్ ఎవరికీ రాని చిన్న బృందం మాది. డెమోల్లో చూస్తే అన్నీ మేలిమి బంగారమే! వాడినవారు చెప్పండి.

నిదానం:
డెమోలో చూపించేది వాళ్ళకు కలిసొచ్చే కోర్సు. మీ కోర్సుల్లో అన్నిటికన్నా చిక్కైనది ఒకటి తీసుకుని, ట్రయల్ గడువులోనే పూర్తిగా తయారుచేసి చూడండి. పవర్‌పాయింట్ అలవాటున్నవారికి ఐస్ప్రింగ్ తేలిక, ఎందుకంటే పని చాలావరకు పవర్‌పాయింట్‌లోనే జరుగుతుంది. రైజ్‌కు బ్రౌజర్ చాలు. ఫోను తెరకు పేజీ తనంతట తానే సర్దుకుంటుంది, కానీ అది ఇచ్చిన అచ్చుల్లోనే ఇమడాలి. స్టోరీలైన్‌లో ట్రిగ్గర్లు (ఏది నొక్కితే ఏం జరగాలో చెప్పే సూచనలు), వేరియబుల్స్ (జవాబుల్లాంటివి గుర్తుపెట్టుకునే గడులు) పట్టుబడితే చాలా చేయవచ్చు. అయితే అది విండోస్‌లోనే నడుస్తుంది. మీలో మ్యాక్ వాడేవారుంటే ముందే చూసుకోండి.

తాళంచెవి:
తయారీ సరే, అసలు తలనొప్పి నివేదికల దగ్గర మొదలవుతుంది. మీ ఎల్‌ఎంఎస్ (ఉద్యోగులకు కోర్సులు చూపించి, ఎవరు ఎంత చేశారో నమోదుచేసే వ్యవస్థ) స్కార్మ్ 1.2 తీసుకుంటుందా, 2004 తీసుకుంటుందా? కోర్సు, ఎల్‌ఎంఎస్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణమే స్కార్మ్; ఇవి దాని రెండు వెర్షన్లు. కోర్సు పూర్తిచేయడం, పరీక్షలో నెగ్గడం 1.2లో ఒకే గడిలో నమోదవుతాయి. 2004లో వేర్వేరు గడులు. పరీక్ష తప్పినా కోర్సు మొత్తం చూసినవారి లెక్క మీ అధికారులకు కావాలంటే ఈ తేడా ముఖ్యం.

ఇంకొకటి. ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునేందుకు 1.2లో ఉన్న చోటు 4,096 అక్షరాలే. మా కోర్సు ఒకదానిలో జవాబును బట్టి దారి మారే మలుపులు ఎక్కువ. సగంలో ఆపినవారు మర్నాడు తెరిస్తే మళ్ళీ మొదటి స్లైడే వచ్చేది. ‘నిన్న చేశాను కదండీ!’ అని ఒకటే ఫోన్లు. 2004 మూడవ ఎడిషన్‌లో ప్రచురించాక సద్దుమణిగింది. అందులో హద్దు 64,000.

ఏ కోర్సునైనా ముందు స్కార్మ్ క్లౌడ్‌లో (స్కార్మ్ కోర్సులను పరీక్షించుకునే ఆన్‌లైన్ సేవ) ఎక్కించి చూస్తాను. అక్కడ నడిచి మన దగ్గర నడవకపోతే ముందుగా ఎల్‌ఎంఎస్‌నే అనుమానించాలి.

బలపం:
డబ్బు పెట్టలేకపోతే హెచ్5పీ అనే ఉచిత తయారీ సాధనం ఉంది. మూడుల్ (ఉచిత ఎల్‌ఎంఎస్) వాడేవారికి మరీ సులువు. అడాప్ట్ అనే మరో తయారీ సాధనం కూడా ఉచితమే, కాకపోతే దాన్ని నిలబెట్టడానికి సర్వర్ సంగతులు తెలిసిన మనిషి కావాలి.

నిదానం:
@బలపం, ప్రోగ్రామింగ్ రాదని వాళ్ళు మొదటే చెప్పారు. అడాప్ట్ జోలికి పంపకండి.

పాతకాపు:
సంవత్సరం తర్వాత నిబంధన ఒకటి మారుతుంది, ఒక్క వాక్యం దిద్దాలి. అప్పుడు ఏం జరుగుతుందో అమ్మేవారిని అడగండి. చందా ఆపినా ప్రచురించిన కోర్సు ఎల్‌ఎంఎస్‌లో నడుస్తూనే ఉంటుంది. దాన్ని దిద్దాలంటే మాత్రం మళ్ళీ చందా కట్టాలి. మూల ఫైలు (దిద్దడానికి వీలైన అసలు ఫైలు) ఎవరి దగ్గర ఉంటుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. పాత కోర్సులను బ్రౌజర్లో నడిపిన ఫ్లాష్ 2020 చివరితో ఆగిపోయినప్పుడు మూల ఫైళ్ళున్నవారు ఇప్పటి బ్రౌజర్లు నేరుగా నడిపే హెచ్‌టీఎమ్‌ఎల్5లోకి మార్చుకునే వీలుండేది. ప్రచురించిన ఫైలు మాత్రమే మిగిలినవారు మొదటినుంచి తయారుచేసుకోవలసి వచ్చింది. బయటివారితో చేయించుకుంటే మూల ఫైలు అప్పగించాలని ఒప్పందంలో రాయించుకోండి.

చూపుడువేలు:
మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ మీటతోనే కోర్సు మొత్తం పూర్తిచేయగలరేమో చూడండి. లాగి వదిలే ప్రశ్నల దగ్గర చాలా సాఫ్ట్‌వేర్ల బండారం బయటపడుతుంది. లాగడానికి బదులు మరో దారి ఉండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ పేజీలు వికలాంగులకూ అందుబాటులో ఉండాలన్న మార్గదర్శకాలు) కూడా చెబుతోంది.

కోర్సు ఒకటికి మించిన భాషల్లో కావాలంటే ఎక్స్‌ఎల్‌ఐఎఫ్‌ఎఫ్‌గా (అనువాదానికి వాడే ఫైలు రూపం) పాఠం బయటికి తీసి, అనువదించి, తిరిగి లోపలికి పంపి చూడండి. తెలుగులాంటి లిపి అయితే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు బటన్ల మీద, ఫలితాల పేజీలో కూడా సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోండి. తయారుచేసే తెరలో బాగున్న ఒత్తులు ప్రచురించాక విడిపోయి కనిపించడం నేను చూశాను.

కొత్తపలక:
అందరికీ ధన్యవాదాలు. ఐటీవారిని అడిగాను. మాది 1.2 మాత్రమేనట, ఎల్‌ఎంఎస్ ఇప్పట్లో మార్చరట. రైజ్, ఐస్ప్రింగ్ రెండింటిలోనూ భద్రతా కోర్సు చేసి చూస్తాం. అది కాస్త పెద్దది.

తాళంచెవి:
అయితే దాన్ని విషయాలవారీగా విడగొట్టి వేర్వేరు స్కార్మ్ ప్యాకేజీలుగా ఎక్కించండి, 4,096 గొడవ ఉండదు. చివరి పరీక్షను విడి ప్యాకేజీ చేస్తే పూర్తి, ఉత్తీర్ణత కూడా వేర్వేరుగా లెక్కకు వస్తాయి.