మీన్, మీడియన్, మోడ్: మూడింట్లో అసలు సగటు ఏది? పాప ప్రశ్నకి ఎలా చెప్పాలి?

కూకట్‌పల్లి అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి. సూత్రాలు అడిగితే గడగడా అప్పజెప్పేస్తుంది, మార్కులూ బాగానే వస్తున్నాయి. కానీ "ఒకే లెక్కకి మూడు జవాబులు ఎందుకమ్మా, ఇందులో అసలుది ఏది?" అని పట్టుకుంది. ట్యూషన్‌లో అడిగితే మళ్లీ సూత్రమే చెప్పారట. అర్థమయ్యేలా ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

దిల్‌సుఖ్‌నగర్ లెక్కల సార్:
పాప చాలా మంచి ప్రశ్న అడిగిందండీ, వదలకండి. మూడూ అసలువే, కాకపోతే ఒక్కోటి ఒక్కో ప్రశ్నకి జవాబు. అమీర్‌పేటలో ఒక షాపు ఉందనుకోండి, అందులో ఐదుగురి నెల జీతాలు 12, 12, 14, 15, 97 వేలు, చివరిది మేనేజరుది. అన్నీ కలిపితే 150 వేలు, ఐదుతో భాగిస్తే సగటు (మీన్) 30 వేలు. ఓనరుకి పనికొచ్చేది ఇదే, ఐదుతో గుణిస్తే నెలకి జీతాలకి ఎంత కావాలో తెలిసిపోతుంది. కానీ కొత్తగా చేరే కుర్రాడికి "ఇక్కడ సగటు జీతం 30 వేలు" అంటే మోసపోతాడు, ఆ షాపులో 30కి దగ్గర్లో ఒక్కరి జీతం కూడా లేదు కదా! అతను చూడాల్సింది మధ్యగతం (మీడియన్), అంటే వరుసలో పెట్టాక నడిమధ్యన ఉన్న 14. ఎక్కువసార్లు వచ్చిన 12 బాహుళకం (మోడ్). ఇప్పుడు పాపని 97 తీసేసి 197 వేయమనండి. సగటు ఒక్కసారిగా 50కి వెళ్తుంది, మిగతా రెండూ కదలవు. ఇది మీరు చెప్పొద్దు, తన చేతే చేయించండి.

కోఠి బుక్స్:
సార్ చెప్పింది కరెక్ట్. మధ్యగతానికి ముందు అంకెల్ని వరుసలో పెట్టడం పిల్లలు చాలామంది మర్చిపోతారు, అక్కడే మార్కులు పోతాయి. సరిసంఖ్యలో ఉంటే మధ్యలో రెండు వస్తాయి, వాటి సగటు తీసుకోవాలి. బాహుళకం ఎందుకంటారా, చెప్పుల షాపు వాడిని అడగండి, ఏ సైజు ఎక్కువ పోతుందో అదే తెప్పిస్తాడు, సగటు సైజు 7.3 వచ్చిందని ఆ సైజు చెప్పులు తెప్పించడు కదా. క్లాసులో పిల్లలకి ఏ రంగు ఇష్టం లాంటివాటికైతే కలపడానికి అంకెలే ఉండవు, అక్కడ బాహుళకం ఒక్కటే దిక్కు.

ఉప్పల్ నాన్న:
ఇంకోటి కూడా చెప్పండి మేడం. ఎ సెక్షన్‌లో 20 మంది, సగటు మార్కులు 80. బీ సెక్షన్‌లో 40 మంది, సగటు 50. రెండూ కలిపితే సగటు ఎంత అంటే పెద్దవాళ్లు కూడా టక్కున 65 అనేస్తారు. మొత్తం మార్కులు 1600, 2000 కలిపి 3600, పిల్లలు 60 మంది, అంటే 60 మాత్రమే. రెండు సగటుల సగటు తీసేయడం తప్పని ఇది ఒక్కసారి చేస్తే బుర్రకెక్కుతుంది.

కూకట్‌పల్లి అమ్మ:
జీతాల లెక్క చేయించానండీ, 50 రాగానే "అయితే అందరికీ పెరగలేదుగా" అంది! చాలా థ్యాంక్స్. ఇంకో డౌట్, టెస్టుకి రానివాళ్లని సున్నా వేసి కలపాలా?

దిల్‌సుఖ్‌నగర్ లెక్కల సార్:
రాసి సున్నా తెచ్చుకుంటే కలపాలి, అది కూడా మార్కే. అసలు రాయనివాళ్లకి మార్కే లేదు కాబట్టి రాసినవాళ్ల సగటు అడిగితే వాళ్లని లెక్కలోకి తీసుకోకూడదు, భాగించేటప్పుడు కూడా రాసినవాళ్ల సంఖ్యతోనే. పరీక్షలో మాత్రం ప్రశ్న ఎవరి సగటు అడిగిందో ముందు చదవమనండి.