కాలవల గురించి పిల్లలకి నేర్పటానికి గ్రాంటు డబ్బు పెట్టటం దండగా?

బందరుకాలవ_గట్టు:
మా కాలనీ వాళ్లం సీఎస్‌ఆర్ డబ్బులకి (కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టేవి) అప్లై చేద్దామనుకుంటున్నాం. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలవల పక్క స్కూళ్లలో పిల్లల చేత నీళ్లు టెస్ట్ చేయించటం, గుర్రపుడెక్క ఎందుకు పెరుగుద్దో చెప్పటం, గట్టు కొంచెం కొంచెం ఒక్కో స్కూలుకి అప్పజెప్పటం, ఇదీ ప్లాన్. మావాళ్లలోనే సగంమంది ఆ డబ్బుతో చెత్త తీయించొచ్చు కదా అంటున్నారు. మీరేమంటారు?

సింగ్‌నగర్_కుర్రోడు:
దండగే బ్రో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు మా ఇంట్లోకొచ్చినప్పుడు నీళ్ల పీహెచ్ ఎంతో ఎవడడిగాడు? టీషర్టులు, బ్యానరు, టిఫిన్లు, ఒక గ్రూప్ ఫొటో, గ్రాంటు అయిపోయింది. ఇలాంటివి చాలా చూశాం.

గుణదల_టీచరమ్మ:
తమ్ముడూ, నీ కోపం న్యాయమే కానీ బుడమేరు గట్లు ఇరిగేషన్ వాళ్ల పని, కంపెనీ ఇచ్చే చిన్న గ్రాంటుతో అయ్యేది కాదు. చెత్త సంగతంటావా, ఎండాకాలం కాలవ కట్టేస్తే అడుగంతా బయటపడుద్ది, తీసినంత తీస్తారు, మళ్లీ నీళ్లొదుల్తారు, వచ్చే ఏడు చూస్తే మళ్లీ అంతే. వేసేది మనమేగా, పూజ చేసిన పూలు కూడా క్యారీబ్యాగుతో సహా విసిరేస్తాం (మా ఇంట్లోవాళ్లూ అంతే, చెప్తే వినరు). క్లాసులో కరిగిన ఆక్సిజన్ అని చెప్తే పిల్లలకి ఎక్కదు. అదే బ్యారేజీ దగ్గర నీళ్లు ఒకసారి, ఊళ్లో మురుగు కలిసేచోట ఒకసారి వాళ్ల చేతే కొలిపించండి. చేపలకి ఆ ఆక్సిజన్ లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. అంతకన్నా తక్కువొచ్చిందనుకో, ఇంటికెళ్లి మన బాత్రూం పైపు ఎక్కడికి పోతుంది నాన్నా అని అడుగుతారు. ఆ ప్రశ్న పొక్లెయిన్ అడగదు.
కానీ పిల్లల్ని గట్టు దిగనివ్వొద్దు, వంతెన మీంచి తాడు కట్టిన బకెట్‌తో తోడించండి.

లెక్కలమాస్టారు_పటమట:
ముందు అసలు చిక్కు చూడండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు గత 3 ఏళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, అందులో చదువూ పర్యావరణం రెండూ ఉన్నాయి కాబట్టి మీ ప్లాన్ చెల్లుతుంది. కానీ బయటి సంస్థ చేత చేయించాలంటే దానికి 12ఏ, 80జీ (రెండూ ఇన్‌కంటాక్స్ మినహాయింపులవి), సీఎస్‌ఆర్ పనులకి కేంద్రం దగ్గర చేయించే సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషను, ఇలాంటి పనిలో 3 ఏళ్ల అనుభవం అడుగుతారు. కాలనీ సంఘానికి ఇవన్నీ ఎక్కడుంటాయండీ? మధ్యలో ఎన్జీఓ రావాల్సిందే, అక్కడే డబ్బు పల్చబడుద్ది. ఇంకోటి, ఒక్క ఏడాదికి మాత్రం అడక్కండి. ఆన్‌గోయింగ్ ప్రాజెక్టుగా పెడితే మొదలెట్టిన ఏడు కాక ఇంకో 3 ఏళ్ల దాకా నడపొచ్చు.

సింగ్‌నగర్_కుర్రోడు:
ఓకే మాస్టారూ, నడిపారే అనుకుందాం. పిల్లలు కొలిచి 2 వచ్చింది అని రాస్తారు, తర్వాత? ఆ కాగితం ఎవడు తీసుకుంటాడు?

గుణదల_టీచరమ్మ:
సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీగా ఇవ్వాలి, ఏ మురుగు తూము దగ్గర ఎంతొచ్చిందో ఫొటోతో సహా. ప్రతి నెలా ఇవ్వాలి. దానికి తిరిగే మనిషి ఒకరు కావాలి, గ్రాంటులో మొదట ఆ జీతం రాయండి, టీషర్టులు కొట్టేయండి.

బందరుకాలవ_గట్టు:
జీతాలకి కంపెనీవాళ్లు ఒప్పుకోరు మేడమ్, ఫోన్లో అడిగితే కిట్లయితే ఇస్తాం, లోగో వేయండి అన్నారు.

సింగ్‌నగర్_కుర్రోడు:
చెప్పానా 😀

లెక్కలమాస్టారు_పటమట:
జీతం అని రాయకండి, ఫీల్డ్ ట్రైనర్ ఖర్చు అని ప్రాజెక్టు పని కిందే చూపించండి, అది నిజం కూడా. దానికీ కాదంటే ఇంకో కంపెనీని అడగండి.