‘సేసిరది’యా, ‘సేసినను’వా?

మూలాపేట: గుంపులో అందరికీ నమస్కారం. రెండు రోజుల నుంచి ఒక పద్యం ముక్క పంటి సందులో పీచులా ఇరుక్కుని వదలడం లేదు. "దక్షులెవ్వార లుపేక్ష సేసినను వారల చేటగు గాని..." ఆ తర్వాత ధర్మం, సత్యం ఏదో అయి, ‘దైవ ముండెడిన్’ అని ముగుస్తుంది. ఎందుకు గుర్తొచ్చిందో కూడా చెబుతాను. మా వీధి మొగలో కాలువ మీది పలక నిరుటి వినాయక చవితికి విరిగింది, ఇప్పటికీ అట్టానే ఉంది. ఎవరో పుణ్యాత్ముడు ఆ బొక్కలో వేపకొమ్మ గుచ్చి దానికి ఎర్ర గుడ్డ కట్టాడు. అది ఎండిపోతే ఇంకొకరు మార్చారు. ఇప్పుడున్నది మూడో కొమ్మ. మొన్న కురిసిన వానకు నీళ్ళు నిలబడి, కొమ్మ వాలిపోయి కనపడక, పాల అబ్బాయి బండితో సహా అందులో దిగబడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, క్యాను దొర్లి కాలువ నీళ్ళు కాసేపు తెల్లగా పారాయి. ఏ ఆఫీసని చెప్పను, ఇక్కడికి పోతే అక్కడికి పొమ్మంటారు, అక్కడికి పోతే సారు క్యాంపులో ఉంటాడు. సోమవారం అర్జీల రోజు కదా, ఒక కాగితం రాసి ఇద్దామని కూర్చున్నా, పైన ఈ పద్యం పెడదామనుకున్నా. తప్పు పెడితే పరువు పోద్ది, అసలే తిక్కన ఊరు నెల్లూరోళ్ళం. అర్థం, సందర్భం నాకు చెప్పొద్దు, ‘సేసినను’ సరైనదా కాదా అంతే చెప్పండి.

కావలి మాస్టారు: తిక్కన భారతం, ఉద్యోగపర్వం, కృష్ణుడి రాయబారం. ‘సేసినను’ కాదు నాయనా, ‘సేసి రది’. పూర్తిగా కొడుతున్నా, అరసున్నలు నా కీబోర్డులో లేవు, తిట్టకండి.

సారపు ధర్మమున్ విమల సత్యము పాపముచేత బొంకుచే
బారము బొందలేక చెడబారిన దైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్య శుభదాయకమయ్యును దైవ ముండెడిన్

మూలాపేట: మాస్టారూ, మా తాత ‘సేసినను’ అనే చదివేవాడు. కళ్ళంలో మంచం వేసుకుని పడుకుని, రాశి మీద చెయ్యి పెట్టుకుని చదివేవాడు, నాకు ఆ గొంతు కూడా గుర్తుంది. పైగా గణం చూడండి. ‘సిరది’ మూడు లఘువులు, ‘సినను’ మూడు లఘువులు. వ్వా, వా యతి కూడా కదల్లేదు. ఉత్పలమాలకు ఏ ఇబ్బందీ లేదు.

కావలి మాస్టారు: గణం కుదిరిందల్లా పాఠమైతే తిక్కనతో పనేముంది? నువ్వు, నేను, మీ తాత కలిసి పదిహేను పర్వాలూ రాసుకోవచ్చు. ‘సేసిరి’ అంటే జరిగిపోయింది. కృష్ణుడు ఎవరి ముందు మాట్లాడుతున్నాడు? జూదం రోజున ద్రౌపదిని ఈడ్చుకొస్తే తలకాయలు దించుకుని కూర్చున్న పెద్దల ముందు. వాళ్ళతో ‘మీరు గనక ఉపేక్ష చేస్తే’ అంటాడా? చేసేశారు కదా! ‘ఎవరు చేశారో, అది వారికే చేటు’ అని మొహం మీద చెప్పాడు. నీ ‘సేసినను’ పెడితే అది నోటీసు, ‘సేసిరది’ అంటే తీర్పు.

మూలాపేట: రాయబారానికి వచ్చినవాడు తీర్పు చెబుతాడా మాస్టారూ? ఇంకా సంధి అడుగుతున్నాడు. నోటీసే కదా ఇవ్వాల్సింది.

ఒంగోలు అక్క: ఇద్దరూ వ్యాసుడి సంస్కృత మూలం చూడకుండా కొట్టుకుంటున్నారు. "హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః". చూస్తూ ఉండగా ధర్మం చస్తే, ఆ సభలో ఉన్నవాళ్ళు చచ్చినట్టే. అక్కడ ‘హతాః’ అని ఉంది, అంటే అయిపోయిన పనే, కాబట్టి మాస్టారి వైపు ఒక మార్కు. కానీ నాకు ఈ ‘సిరది’, ‘సినను’ గొడవ కన్నా అసలు మెరుపు ఇంకో చోట కనపడుతుంది. వ్యాసుడి ‘ప్రేక్ష’ను తిక్కన ‘ఉపేక్ష’ చేశాడు. రెండూ ‘ఈక్ష’ నుంచే వచ్చాయి, రెండూ చూడటమే. ప్ర పెడితే ప్రేక్షకుడు, ఉప పెడితే చూసీ చూడనట్టు ఉండేవాడు. ఒక్క ఉపసర్గ మార్చి నేరం మోపాడు. ఇంకోటి, వ్యాసుడు సభలో ఉన్న అందరినీ పట్టుకున్నాడు, తిక్కన ‘దక్షులు’ అని గీత గీశాడు. చేతనైనవాళ్ళకే చేటు. చేతకానివాడిని వదిలేశాడు.

బుచ్చి: అక్కా, నేను చిన్నప్పటి నుంచి అది ‘అవస్థదక్షులు’ అని ఒకే మాట అనుకున్నా. జనాన్ని అవస్థ పెట్టడంలో దక్షులు. మూలాపేట అన్న చెప్పిన ఆఫీసుకు చక్కగా సరిపోతుంది.

ఒంగోలు అక్క: 😀 సమాసం బాగుంది గానీ ‘అవస్థ’ అక్కడ మన అవస్థ కాదు, స్థితి. ఆ స్థితిలో, దక్షులు ఎవ్వారలు అని విడదీసుకోవాలి. మనం తెలుగులో ‘అవస్థ’ అంటే కష్టం ఒక్కటే మిగుల్చుకున్నాం. మంచి స్థితికి ఆ మాట వాడిన మనిషిని నేను చూడలేదు.

బుచ్చి: మా వైపు మంచి స్థితి వస్తే కదా వాడటానికి.

కోవూరు: అందరూ మూడో పాదం మీదే కూర్చున్నారు, రెండో పాదం చూడండి సామీ. ‘పారము బొందలేక’. పారం అంటే అవతలి ఒడ్డు. నాలుగో పాదంలో ‘నిస్తారకము’, దాటించేది. మధ్యలో ‘చెడబారు’. ఇదంతా ఏటి పద్యం! సత్యం, ధర్మం ఏట్లో పడి ఒడ్డు చేరలేకపోతున్నాయి, ఈత వచ్చినవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తున్నారు, వాళ్ళు దిగకపోయినా దేవుడనే పడవ ఒకటుంది. ‘దక్షులు’ అంటే ఈతగాళ్ళు. పెన్న గట్టున కూర్చుని రాసినవాడికి తప్ప ఇది తట్టదు. అక్క చెప్పిన సంస్కృతంలో కూడా కొంచెం కిందకు పోతే "యథా నద్యనుకూలజాన్" అని ఉంది, నది ఒడ్డు చెట్లను పెకలించినట్టు ధర్మం వాళ్ళను పెకలిస్తుందని. ఆ నదినే తిక్కన పద్యం నిండా పారించాడు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడటం చూసినవాణ్ణి, పెకలించడం అంటే ఏంటో నాకు వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

కావలి మాస్టారు: కోవూరాయన ఉత్సాహం బాగుంది. కానీ ‘చెడబారు’లో ఏరు లేదు. నల్లబారు, తెల్లబారు, రాటుబారు లాంటిదే అది. రంగు మారితే ‘నల్లబారింది’ అంటాం, అక్కడ నది ఉందా?

కోవూరు: ఆ ‘బారు’ ఎక్కడిది మాస్టారూ? పాఱుటే కదా, బండి ఱ తోనే కదా? పరుగెత్తడం, ప్రవహించడం రెండూ అదే. ఇంకా చూడండి, ఆ పాదంలో యతి ఎక్కడ పడింది? ‘పారము’లో పా మీద, ‘చెడబాఱిన’లో బా మీద. సంస్కృతం పారానికి, తెలుగు పాఱుకు యతి ముడి వేశాడు. ర వేరు, ఱ వేరు అని తెలిసి కూడా పక్కపక్కన పెట్టాడు. దీన్ని కాకతాళీయం అంటే నేను ఈ గుంపులోంచి పోతా.

కావలి మాస్టారు: పోవద్దులే. యతి సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నా. ఏరు మాత్రం ఒప్పుకోను.

బుచ్చి: పారడం అంటే గుర్తొచ్చింది, చెరువు నిండి పొర్లితే మేము ‘కలుజు పారింది’ అంటాం, పై జిల్లాలోళ్ళు ‘అలుగు’ అంటారు. నేను హైదరాబాదులో కలుజు అంటే ఒకాయన రోగం పేరు అనుకున్నాడు. ‘అలుగుటయే యెరుంగని’ పద్యం చదివితే మా అబ్బాయి, చెరువు పొర్లడం తెలియని ధర్మరాజు అని అర్థం చెప్పాడు.

కందుకూరు: మీ తిక్కన గోల ఆపి మా ఎర్రనను కూడా కాస్త పట్టించుకోండి. ఎంతసేపూ పెన్న గట్టేనా? ఎర్రనది పాకనాటి గుడ్లూరు. ఈ ఉపేక్ష మాటకు అసలు ఉదాహరణ ఆయనే. నన్నయ అరణ్యపర్వం సగంలో వదిలితే, తిక్కన దాన్ని ముట్టకుండా విరాటం నుంచి ఎత్తుకున్నాడు. దక్షుడు ఉపేక్ష చేశాడా లేదా? తర్వాత ఎర్రన వచ్చి మిగిలింది పూర్తి చేసి, నన్నయను పోషించిన రాజరాజుకే అంకితమిచ్చి, నన్నయ రాసినట్టే రాశాడు. ఇవాళ ఎవడైనా పాత ప్రభుత్వం సగంలో వదిలిన పని పూర్తి చేసి, శిలాఫలకం మీద పాతవాళ్ళ పేరే ఉంచుతాడా?

మూలాపేట: ఎర్రన మీ వాడంటే ఏ జిల్లా వాడన్నా? అది తేల్చుకుని రా ముందు.

కందుకూరు: ఆ పుండు కెలక్కు. 1970 దాకా మేం నెల్లూరే. అప్పుడు ఒంగోలు జిల్లా కట్టి మమ్మల్ని అటు వేశారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు వచ్చింది. 2022 ఏప్రిల్లో మళ్ళీ నెల్లూరన్నారు. 2025 ఆఖర్లో మళ్ళీ ప్రకాశం. మా నాన్న ఇంట్లో మంచం మీద నుంచి దిగకుండా మూడు సార్లు జిల్లా మారాడు. ఒక కాగితం మీద ఒక జిల్లా, ఇంకో కాగితం మీద ఇంకో జిల్లా. పింఛను పనికి పోతే ‘అడ్రసు కలవడం లేదు’ అంటారు. అయ్యా, ఇల్లు కదల్లేదు, జిల్లా కదిలింది!

అద్దంకి: మేము కూడా ఉన్నాం ఆ జాతరలో. బాపట్ల పోయి వచ్చాం. ఎర్రన రాసింది మా అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి నీడలో, కాబట్టి ఊరు గుడ్లూరైనా ఉద్యోగం అద్దంకే. ఇక తిక్కన గురించి నెల్లూరు వాళ్ళు మరీ ఎగరొద్దు, ఆయన తాత భాస్కరమంత్రి గుంటూరు.

కోవూరు: తాతది ఏ ఊరైతే ఏంది, నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా నీళ్ళు తాగింది ఇక్కడే. సిద్ధి రాజ్యం పోగొట్టుకుంటే ఓరుగల్లు పోయి కాకతీయ గణపతిదేవుడితో మాట్లాడి సాయం తెచ్చింది తిక్కనే అంటారు. స్వయంగా రాయబారం నడిపినవాడు కాబట్టే కృష్ణుడి రాయబారం అట్టా రాశాడు.

మూలాపేట: అదే నేను అంటున్నా! రాయబారం నడిపినవాడికి తెలుసు, మొదటి మాటే ‘మీరు చేశారు’ అంటే పని చెడుతుంది. ‘చేసినను’ అని మెత్తగా కదిపి వదులుతాడు.

కావలి మాస్టారు: మళ్ళీ మొదటికొచ్చాడు. ఏ ప్రతిలో ఉందో చూపించు.

మూలాపేట: మా తాత నోట్లో ఉంది.

ఒంగోలు అక్క: మూలాపేట తమ్ముడికి ఒక చిన్న సాయం. నోట చదివేటప్పుడు ‘ఎవ్వారలు సేసిరి, అది వారల’ అనే కట్టు తెలుగు నాలుకకు బరువు. అది సంస్కృతం ‘యత్, తత్’ (ఏది, అది) నడక. మనం ‘ఎవరు చేసినా వాళ్ళకే’ అంటాం. అర్థం పట్టుకుని కంఠస్థం చేసిన రైతు నోట్లో ‘సిరది’ అరిగి ‘సినను’ కావడం సహజం. తప్పు అని కొట్టెయ్యకండి, ఒక తరం ఆ పద్యాన్ని తెలుగు చేసుకుంది.

కావలి మాస్టారు: అంటే తిక్కన రాసింది తెలుగు కాదా అమ్మా?

ఒంగోలు అక్క: ఆ మాట నేను అనలేదు.

పొదిలి: ఆలస్యంగా వచ్చా. ‘పారము బొందలేక’ అంటే మాకు వెలిగొండ ప్రాజెక్టే. 1996లో ఒక శంకుస్థాపన, 2004లో పనుల మొదలు, 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితం. ఒక్కో సొరంగం దాదాపు 19 కిలోమీటర్లు. అంకితమైన రోజున కూడా నీళ్ళు రాలేదు. మా ఊళ్ళో పిల్లల పళ్ళు చూస్తే ఫ్లోరైడు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దక్షులెవరంటే ఏ జెండా వాళ్ళు రెండో జెండాను చూపిస్తారు. ఈ పద్యంలో బహువచనం వేసినందుకు తిక్కనకు దణ్ణం.

బుచ్చి: ఇంకో డౌటు. ‘సేసి’ ఏంది? నేను బడిలో ‘సేసినాడు’ అంటే పల్లెటూరి మాట అని మా సారు చెవి మెలిపెట్టాడు.

కావలి మాస్టారు: ‘ఉపేక్ష’ మీద ‘చేసి’ వస్తే చ కాస్తా స అవుతుంది. గసడదవాదేశం అనే సంధి. మీ సారు చెవి తిక్కనకు అప్పజెప్పు.

(సోమవారం సాయంత్రం)

మూలాపేట: ఇచ్చొచ్చా. టేబుల్ దగ్గర కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కాగితం చూసి, "ఇదేంది సార్ పైన?" అంది. పద్యం అన్నా. "అది ఎక్కదు సార్, విషయం రెండు ముక్కల్లో చెప్పండి" అని ‘కాలువ పలక విరిగినది’ అని కొట్టుకుంది. పోతూ పోతూ ఎర్ర పెన్నుతో ‘సే’ చుట్టూ సున్నా చుట్టి, "ఇక్కడ చే రావాలి కదా సార్" అంది. గసడదవ చెబుదామంటే వెనక ముప్పై మంది ఉన్నారు. నంబరు వేసిన రసీదు ఇచ్చింది.

కావలి మాస్టారు: అది సరే, కాగితం మీద ఏది రాశావు?

మూలాపేట: మీరు చెప్పిందే రాశా మాస్టారూ. చదివి వినిపించేటప్పుడు మాత్రం నోటికి ‘సేసినను’ వచ్చేసింది.

కావలి మాస్టారు: తెలుసు.

బుచ్చి: కొమ్మ సంగతేంటన్నా?

మూలాపేట: వస్తా వస్తా మార్చా. వేప దొరకలేదు, ఈసారి కానుగ.